కొక్కెం బొమ్మ సమ్మెట

మాదాపూర్‌లో ఒక బొమ్మల కంపెనీలో పనిచేసి రిటైరయ్యాను. చుట్టూ సాఫ్ట్‌వేర్ ఆఫీసులే కాబట్టి లిఫ్టులో ఎవరైనా "మీది ఏ ప్రాజెక్టు?" అని అడిగితే "రోబోలు" అనేదాన్ని. వాళ్లు గౌరవంగా చూసేవారు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ రోబోలని చెప్పేలోపు వాళ్ల అంతస్తు వచ్చేసేది.

ఆ రోబోలకు పేర్లు పెట్టడం, స్వభావాలు నిర్ణయించడం, పెట్టె వెనక నాలుగు వాక్యాలు రాయడం, వాటి కార్టూన్‌కి కథలు అల్లడం నా పని. పిల్లల కథలు రాసేదాన్నని బంధువులు అనుకునేవారు. నిజానికి మొదట ధర వచ్చేది, తర్వాత బొమ్మ వచ్చేది, అన్నిటికంటే చివర కథ వచ్చేది. ఇప్పుడు నా కుర్చీలో కూర్చున్న శ్రావణి చేరిన కొత్తలో "మేడం, క్యారెక్టర్ ఎక్కణ్నుంచి స్టార్ట్ చెయ్యాలి?" అని అడిగింది. "ధర నుంచి," అన్నాను. హాస్యమాడుతున్నాననుకుని నవ్వింది.

ఈ రాత ఆమె కోసం, ఆమె తర్వాత ఈ పనిలోకి వచ్చేవాళ్ల కోసం. ఇందులో సగానికి పైగా సమ్మెట అనే ఒక చిన్న బొమ్మ గురించి ఉంటుంది. మా వరసలో అన్నిటికంటే చవకైన బొమ్మ అది. దాన్ని అమ్మకాల్లోంచి తీసెయ్యాల్సి వచ్చినప్పుడు, కథలోంచి అది ఎలా వెళ్లిపోతుందన్నది దాన్ని తయారుచేసిన యాదగిరికి చాలా పెద్ద విషయం అయింది. ఎందుకయిందో నాకు ఆలస్యంగా తెలిసింది.

ధర ముందు, గుణం తర్వాత

మా బొమ్మలు నాలుగు ధరల్లో ఉండేవి. ఆఫీసులో వాటిని అంకెలతో కాకుండా, దుకాణంలో అవి ఉండే చోటును బట్టి పిలిచేవాళ్లం: కొక్కెం, అర, పై అర, అద్దం. కొక్కెం అంటే అట్టకు అంటించి కౌంటరు పక్కన వేలాడదీసేది. అర అంటే పిల్లల చేతికి అందే ఎత్తులో పెట్టెలో ఉండేది. పై అర బొమ్మను పెద్దవాళ్లు తీసివ్వాలి. అద్దం అంటే తాళం వేసిన బీరువాలోది, పుట్టినరోజుకో మంచి మార్కులకో కొనేది.

కొక్కెం బొమ్మకు భుజాలు తప్ప ఏమీ కదలవు. మోచెయ్యి వంగదు. పిడికిలి బిగించి ఉంటుంది, అందులో ఏ ఆయుధమూ పట్టదు. అందుకని మా కథల్లో కొక్కెం రోబో ఎప్పుడూ ఉత్త చేతులతో అందరికంటే ముందు దూకుతాడు. పిల్లలకు అది ధైర్యంగా కనిపిస్తుంది. మేము మిగుల్చుకున్నది ఒక కీలు ఖర్చు.

అర బొమ్మకు మోచెయ్యి వంగుతుంది, పిడికిలిలో బెజ్జం ఉంటుంది. ఆ బెజ్జంలో గొడ్డలో పానానో పెడతాం. దాంతో వాడికి ఒక విద్య వచ్చినట్టే. తాళాలు విప్పేవాడు, వంతెనలు కట్టేవాడు, గాయాలు బాగుచేసేవాడు, అందరూ అరలోవాళ్లు. పై అర బొమ్మను మడిస్తే లారీయో క్రేనో అవుతుంది. రెండు రూపాలున్నవాడికి రెండు మనసులు రాయడం తేలిక. అలిగేవాళ్లూ, ఏ పని చెయ్యబోయినా రెండుసార్లు ఆలోచించేవాళ్లూ అక్కణ్నుంచే వచ్చారు. అద్దంవాడు నాయకుడు. వాడి పొట్టలో స్పీకరు, బ్యాటరీ ఉంటాయి, నొక్కితే మాట్లాడతాడు. చిప్‌లో పట్టేవి కొన్ని చిన్న వాక్యాలే కాబట్టి మా నాయకుడు మితభాషి అయ్యాడు. ఎవరో ఆ పాత్రలో గాంభీర్యం ఉందని మెచ్చుకుంటూ రాశారు. చిప్‌లో చోటు లేకపోవడం తప్ప అందులో ఇంకేమీ లేదు.

మొదట్లో ఇదంతా నాకు చిన్నతనంగా ఉండేది. నేను చదివిన పుస్తకాల్లో మనుషుల స్వభావం ఎక్కణ్నుంచో లోతుల్లోంచి వచ్చేది. ఇక్కడ భుజం కీలు నుంచి వస్తోంది. కొన్నాళ్లకు ఆ బాధ పోయింది. బయట మనుషుల్ని చూసినా, చేతిలో ఏమీ లేనివాడు ముందు దూకడమూ, పెద్ద స్థానంలో ఉన్నవాడు తక్కువ మాట్లాడి గంభీరుడు అనిపించుకోవడమూ కనిపిస్తూనే ఉంటాయి. ధర గుణాన్ని నిర్ణయించడం మా ఆఫీసు కనిపెట్టినది కాదు. కాకపోతే మేము దాన్ని అచ్చు పోసి, పిల్లల చేతికి ఇచ్చేవాళ్లం. బాధ్యత మొదలయ్యేది అక్కడే.

కోట, గుట్ట

రోబోలకు రెండు పక్షాలు ఉండాలి. ఒకే పక్షం ఉంటే పిల్లలు ఒక బొమ్మతో ఆగిపోతారు. రెండుంటే ఆటకు కనీసం రెండు కావాలి. పక్షాల పుట్టుకకు ఇంతకన్నా గొప్ప కారణం లేదు.

మా పక్షాలు కోటవాళ్లు, గుట్టవాళ్లు. కోటవాళ్లు నీలం రంగు, ఛాతీ మీద ద్వారం గుర్తు. గుట్టవాళ్లు ఇటుక ఎరుపు, ఒకదాని మీద ఒకటి పేర్చిన మూడు బండల గుర్తు. తల్లిదండ్రులు మొదటి బొమ్మగా మంచివాణ్నే కొంటారు, ఖరీదైనది ఒక్కటే కొనగలిగితే అది తప్పకుండా మంచివాడే అవుతాడు. ప్రత్యర్థుల్ని ఆ తర్వాత చవకగా, గుంపుగా కొంటారు. కాబట్టి అద్దంలోకి, పై అరలోకి కోటవాళ్లు ఎక్కారు. కొక్కేలకు గుట్టవాళ్లు వేలాడారు. మంచివాళ్లు కొద్దిమంది, ఖరీదైనవాళ్లు. చెడ్డవాళ్లు ఎక్కువమంది, చవకవాళ్లు. ఇలా చెయ్యాలని మాలో ఎవరూ అనుకోలేదు. దుకాణం అలా చేసింది, మేము ఊరుకున్నాం.

ఊరుకోనివాడు యాదగిరి ఒక్కడే. అతను అచ్చుల డిజైనరు. బొమ్మను కంప్యూటర్లో మలిచి, ఆ ఆకారాన్ని ఉక్కు అచ్చులో ఎలా చెక్కాలో తేల్చే పని అతనిది. సొంత ఊరు రాయదుర్గం పక్కనే. ఇప్పుడు మెట్రో ఆఖరి స్టేషన్ చుట్టూ అద్దాల భవనాలున్న చోట అతని చిన్నప్పుడు గుట్టలుండేవి. వాళ్ల నాన్న ఆ గుట్టల మీద బండలు కొట్టేవాడు. పక్షాల పేర్లు చూపించిన రోజు మీటింగులో అతను నా వైపు తిరిగాడు.

"ఏంది మేడం, గిట్ల జేస్తిరి? మా గుట్టోళ్లే దొంగలా?"

"దొంగలు కాదండీ యాదగిరి గారూ, ప్రత్యర్థులు."

"పుస్తకం మాట చెప్పినా మతలబు గదే గద మేడం. కోటోళ్లు మంచోళ్లు. సరే. ఆ కోట కట్టనీకె బండ యాడికెళ్లి వచ్చిందంట?"

మా బాస్ రాఘవరావు గారు సర్దబోయారు. "పేరు మార్చెయ్యమంటారా యాదగిరి గారూ? ఇంకోటి చూద్దామండి."

"వద్దు సార్. గుట్ట పేరు మీద బొమ్మొస్తుంటే నేనెందుకు అడ్డం పడ్త? వాళ్లను జర మనుషుల లెక్క చెయ్యిండ్రి అంటున్న, గంతే."

"రోబోలండీ అవి," అన్నారు రాఘవరావు గారు.

"గదే సార్. రోబోలనన్న మనుషుల లెక్క చూడుండ్రి."

అందరూ నవ్వారు. కానీ ఆ బండ ప్రశ్న నాకు పనికొచ్చింది. కోట కట్టింది గుట్ట రాయితోనే అని, యుద్ధం అందుకే మొదలైందని రాశాను. అంతకుముందు మా యుద్ధానికి కారణమే లేదు.

మదీనాగూడలో ఒక దుకాణం

బాస్‌ల గురించి రాసేటప్పుడు మన భాషలో రెండే పద్ధతులున్నాయి, పొగడటం, తిట్టడం. రాఘవరావు గారు రెంటికీ లొంగరు. బొమ్మలు అమ్ముకుంటూ పైకి వచ్చిన మనిషి. పుస్తకాలు చదవరు. ప్రతి ఎపిసోడ్ చివర గుట్టవాళ్లు ఓడిపోవాలని పట్టుబట్టేవారు, ఎందుకని అడిగితే "ఓడిపోతేనే కదండీ మళ్లీ వస్తారు," అనేవారు. కథ గురించి ఆయనతో మాట్లాడటం వృథా. అయితే ఆదివారాలు మదీనాగూడలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న బొమ్మల దుకాణానికి వచ్చి, ఏమీ కొనకుండా ఒక మూల నిలబడి పిల్లల్ని చూసేవారు. ఒకసారి నన్నూ పిలిచారు.

ఒక పాప అద్దం బీరువా ముందు ఆగింది. నాయకుణ్ని చూసింది. తర్వాత తల్లి మొహం చూసింది. తల్లి ఏమీ అనలేదు. పాప తనంతట తానే కౌంటరు దగ్గరికి వెళ్లి కొక్కేనికి ఉన్న బొమ్మ తీసుకుంది.

"చూశారా పద్మజ గారూ," అన్నారు ఆయన గొంతు తగ్గించి. "ఆ పాపకి ధర చదవడం రాదు. వాళ్లమ్మ మొహం చదివింది. ఇప్పుడు ఇంటికెళ్లి ఆ బొమ్మ ఎవరో వాళ్ల అన్నయ్యని అడుగుతుంది. 'అదా, వాడు వెర్రిబాగులవాడు' అని చెప్పాడనుకోండి, ఏమైపోవాలి?"

అప్పటిదాకా మా కొక్కెం రోబోల్లో ఎప్పుడూ తడబడి పడిపోయే హాస్యగాడు ఒకడుండేవాడు. ఆ బొమ్మ ఉన్న పిల్లలు ఆటలో వాడిగానే ఉండాల్సి వచ్చేదని, మిగతా పిల్లలు వాళ్లను పడిపోతూ ఉండమనేవారని ఆయన దుకాణంలోనే విన్నారట. చవక బొమ్మను నవ్వులపాలు చేస్తే, నవ్వులపాలయ్యేది దాన్ని మాత్రమే కొనగలిగిన పిల్లలు. ఈ పనిలో నేను నేర్చుకున్న వాటిలో మొదటి స్థానం దీనికే ఇస్తాను. నేర్పింది పుస్తకాలు చదవని మనిషి. ఆ హాస్యగాణ్ని మరుసటి ఏడాది తీసేశాం.

రంగు వెయ్యని కళ్లు

చవక బొమ్మకు రంగే పెద్ద ఖర్చు. బొమ్మ మీద రంగు పడే ప్రతి చోటూ ఒక ఖర్చు. కోట పక్షంలో ఉన్న కొద్దిపాటి కొక్కెం బొమ్మలకు రెండు చోట్ల రంగు ఉండేది, కళ్లకు ఒకటి, ఛాతీ గుర్తుకు ఒకటి. గుంపుగా అమ్మాల్సిన గుట్ట కొక్కేలకు ఒక్కచోటే. గుర్తు లేకపోతే ఏ పక్షమో తెలియదు కాబట్టి ఆ ఒక్కటీ గుర్తుకు పోయేది. కళ్లుండాల్సిన చోట ఒక గాడి మిగిలేది. కళ్లు లేనివాడికి పేరు పెట్టాలనిపించదు. నేను పెట్టలేదు. అట్ట మీద 'గుట్ట సైనికుడు' అని ఉండేది. పేరు లేనివాళ్లు ప్రతి వారం డజన్లకొద్దీ పడిపోయేవారు, ఎవరికీ ఏమీ అనిపించేది కాదు.

ఒకరోజు యాదగిరి నా బల్ల మీద ఒక నమూనా పెట్టాడు. గుట్ట కొక్కెం బొమ్మ. కనుబొమల దగ్గర ప్లాస్టిక్ ముందుకు పొడుచుకొచ్చింది, కింద రెండు లోతైన గుంటలు. పైనుంచి వెలుగు పడగానే ఆ గుంటల్లో నీడ నిలిచి, బొమ్మ సూటిగా మనల్నే చూస్తున్నట్టుంది.

"రంగు ఎయ్యలే," అన్నాడు. "ఛాతీ మీది గుర్తు కూడ ఉక్కులనే చెక్కిన. గుర్తు ముక్క అచ్చులకెళ్లి ఊడొస్తది, పరేషాన్ లేదు, రేపు ఇదే అచ్చుల ఇంకోటి పెట్టుకోవచ్చు. ఇగ ఒక రంగు మిగిలింది గద? చేతులకు ఏసిన."

పిడికిళ్లు రెండూ తెల్లగా ఉన్నాయి.

"ఎందుకండీ తెలుపు?"

"బండ కొట్టేటోని చేతులు గట్లనే ఉంటయి మేడం. కడిగినా పోదు."

ఖర్చు పెరగలేదు కాబట్టి రాఘవరావు గారు ఒప్పుకున్నారు. నేను పేరు పెట్టాను, సమ్మెట. అట్ట వెనక రాయాల్సిన నాలుగు వాక్యాలు ఒక పూటలో అయిపోయాయి. సమ్మెట కోటను ద్వేషించడు, అందులో ఏ బండ ఏ గుట్టదో వాడికి తెలుసు. పేరున్న మొదటి గుట్ట కొక్కెం వాడే. బాగానే అమ్ముడయ్యాడు. అంతవరకూ వేరేవాళ్లు గీసిన బొమ్మలకు అచ్చులు చేసిన యాదగిరికి, తల నుంచి కాలిదాకా సొంతంగా చేసిన బొమ్మ అదొక్కటే.

పంపేసే పద్ధతులు

కొక్కేనికి చోటు తక్కువ. కొత్తది రావాలంటే పాతది దిగాలి. రెండో ఏడాది చివర సమ్మెట వంతు వచ్చింది. అమ్మకాల్లోంచి దిగే బొమ్మను కథలోంచి కూడా దింపాలి, లేకపోతే టీవీలో చూసిన పిల్లలు దుకాణంలో అడుగుతారు. దానికి మా ఆఫీసులో మూడు పద్ధతులుండేవి: దూరం పంపడం, చంపడం, పక్షం మార్చడం. సమ్మెటను చంపాలని తేలింది. అదే నెలలో అద్దంలోకి కొత్త కోట నాయకుడు వస్తున్నాడు, అతను రంగం మీదికి వచ్చేటప్పుడు ఒక బరువైన సన్నివేశం కావాలి.

ఆ వేసవిలోనే మా ఆయన పోయారు. ఇంటికి వచ్చినవాళ్లు ఎక్కడికీ పోలేదన్నారు, నాలోనే ఉన్నారన్నారు, వెలుగైపోయారన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఆ మాటలు మొదలవగానే నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. యాదగిరి వచ్చి కుర్చీ అంచున కూర్చుని, "పెద్ద నష్టమాయె మేడం," అన్నాడు. మంచినీళ్లు తాగాడు. కాసేపు ఉండి వెళ్లిపోయాడు. నాకు పనికొచ్చిన పలకరింపు అది.

తిరిగి ఆఫీసుకు వెళ్లాక రాఘవరావు గారు పిలిచారు. "ఈ ఎపిసోడ్ శ్రావణికి ఇచ్చేద్దామండి. మీరిప్పుడు చావు గురించి రాయక్కర్లేదు."

"నేనే చూస్తానండి," అన్నాను.

చూశాను కానీ రాయలేదు. రాయకుండా ఉండే దారి వెతికాను. ఊడొచ్చే గుర్తు ముక్క గుర్తొచ్చింది. మూడు బండల ముక్క తీసి ద్వారం ముక్క పెట్టి, ఎరుపు బదులు నీలం ప్లాస్టిక్ పోస్తే సమ్మెట కోటవాడవుతాడు. అచ్చు బతుకుతుంది, బొమ్మ ఇంకో ఏడాది కొక్కేనికి ఉంటుంది, ఎవరూ చావక్కర్లేదు. రాఘవరావు గారు కుర్చీలోంచి లేచారు. "ఇంత చవకగా కొత్త బొమ్మా! అద్భుతమండి పద్మజ గారూ!"

యాదగిరి సంతోషిస్తాడనుకుని ఆ మాట చెప్పడానికి నేనే వెళ్లాను. అతను విన్నాడు. "చాయ్ తాగొద్దాం రాండ్రి," అన్నాడు.

అటు పోయినవాడు

ఆఫీసు కింద రోడ్డు పక్కన చాయ్ బండి ఉంటుంది. మెడల్లో గుర్తింపు కార్డులు వేసుకున్న పిల్లల మధ్య నిలబడ్డాం.

"మేడం, మీరు నా మీద ప్రేమతోనే చేసిన్రు. నాకెరుక," అన్నాడు. "కానీ దీనికంటె వాణ్ని చంపినా బాగుండు."

నాకు అర్థం కాలేదు. "బతుకుతాడు కదండీ?"

"బతుకుతడు. అటు దిక్కు బతుకుతడు." గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. "మాకొక చిన్నాయన ఉన్నడు. మా నాయన, ఆయన ఒక్క బండ మీద కూసోని కొట్టినోళ్లు. గుట్ట పేల్చనీకె కాంట్రాక్టరోళ్లు వచ్చినప్పుడు మా నాయనోళ్లంత అడ్డం నిలవడ్డరు. చిన్నాయన అటు పోయిండు. నెత్తికి టోపీ ఇచ్చిన్రు, సూపర్‌వైజర్ అన్నరు."

"ఇప్పుడు ఎక్కడున్నారు?"

"మియాపూర్ దిక్కు ఉంటడు. మంచిగనే ఉన్నడు, సొంతిల్లు, కిరాయిలొస్తయి. మా ఇంట్ల ఆయన పేరు తియ్యరు. మా నాయన సచ్చిపోయిండు, ఆయన పేరు తియ్యకుంట మా ఇంట్ల ఒక్క పూట గడవదు. ఇద్దర్ల ఎవరు పోయినట్టు మేడం?"

నా గ్లాసు బండి మీద పెట్టేశాను.

"గుర్తు ఊడొచ్చేటట్టు చేసింది నేనే," అన్నాడు. "ఉక్కు ఖర్చు తగ్గుతదని చేసిన. సమ్మెట గుండె ఊడవీకనీకె చెయ్యలే."

"మరి ఏం చెయ్యమంటారు?"

"పోయేటోణ్ని పోనియ్యిండ్రి. కానీ పోయిండని నలుగురికి తెల్వాలె. గంతే. నాకింకేం ఫికర్ లేదు."

అప్పుడు నాకు తెలిసింది, నేను సమ్మెటను కాపాడాలనుకోలేదని. చావు అన్న మాట నా కాగితం మీదికి రాకుండా చూసుకోవాలనుకున్నాను. ఇంటికి వచ్చి వెలుగు గురించి చెప్పినవాళ్లు చేసిందీ అదే.

ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. బొమ్మకు పక్షం మార్చడం ముక్క మార్చినంత తేలిక. అది తేలిక అయినంత మాత్రాన కథలో చెయ్యకూడదు. పిల్లలు పక్షాన్ని రంగుగా చూడరు. వాళ్లకు అది మాట ఇవ్వడం.

బండలు

రాఘవరావు గారికి చెప్పడం తేలిక కాలేదు. నీలం ప్లాస్టిక్ గురించి ఆయన అప్పటికే పైవాళ్లకు చెప్పేశారు.

"చంపితే ఆ అచ్చు తుక్కుకే పోతుందండి. ఇంకో ఏడాది అమ్మే బొమ్మని మనమే చేతులారా పారేసుకున్నట్టు. యాదగిరి గారి బాధ నాకర్థమవుతుంది, కానీ బాధకి బడ్జెట్ ఎక్కడిదండీ?"

యాదగిరి చిన్నాయన సంగతి ఆయనకు చెప్పలేదు. అది యాదగిరి సొంత విషయం, ఆయనకు కథలు ఎక్కవు కూడా. దుకాణం సంగతి చెప్పాను. "ఎర్ర సమ్మెట ఇప్పటికే కొందరు పిల్లల ఇళ్లల్లో ఉన్నాడండి. వాళ్లకి ఉన్న ఒక్క బొమ్మా అదే కావచ్చు. రేపు సమ్మెట నీలంగా మారి కోటలో చేరిపోతే, వాళ్ల చేతిలో ఉన్నవాడు ఎవరు? నీలంది కొనలేని పాప దగ్గర అసలు సమ్మెట లేనట్టే కదండీ?"

ఆయన చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నారు. "ఇది దుకాణం మాటేనండి," అన్నారు చివరికి. ఆయన నోట అంతకన్నా పెద్ద మెప్పు నేనెప్పుడూ వినలేదు. "సరే, చంపండి. కానీ కొత్త నాయకుడు ఫ్రేములో ఉండాలి. అమ్మాల్సింది ఆయన్ని."

సమ్మెట పడిపోవడం తొందరగానే రాసేశాను. విరిగిపడుతున్న కోట గోడను ఉత్త చేతులతో ఆపబోయి పడిపోతాడు. ఆ గోడ వాడి గుట్ట రాయి. ఆ తర్వాత ఏం జరగాలన్న దగ్గర శ్రావణీ నేనూ ఆగిపోయాం.

"లీడర్ స్పీచ్ ఇస్తాడు కదా మేడం?" అంది శ్రావణి. "'వీరుడా, నువ్వెప్పటికీ మాతోనే ఉంటావు' టైపులో?"

"ఇవ్వడు."

"అస్సలేమీ మాట్లాడడా? బ్యాక్‌గ్రౌండ్‌లో మ్యూజిక్ అయినా?"

"వద్దమ్మా."

"మరి అంతసేపు స్క్రీన్ మీద ఏం జరుగుతుంది మేడం? పిల్లలు స్కిప్ కొట్టేస్తారు!"

యాదగిరిని పిలిచాం. వాళ్ల వైపు ఎవరైనా పోతే ఏం చేస్తారని అడిగాను. "అందరు తలా ఒక బండ పెడతరు," అన్నాడు. శ్రావణి నిట్టూర్చింది. కొక్కెం రోబోలకు మోచేతులు వంగవు, పిడికిలి తెరుచుకోదు, బండ ఎలా పట్టుకుంటారు? తెర మీద కూడా బొమ్మ కదిలినట్టే కదలాలన్నది మా నియమం, లేకపోతే ఇంటికి తీసుకెళ్లాక పిల్లలు మోసపోతారు. యాదగిరి నా బల్ల మీది గుట్ట సైనికుణ్ని తీసుకున్నాడు. పూలకుండీలోంచి ఒక గులకరాయి ఏరి, బొమ్మ రెండు పిడికిళ్ల మధ్య బిగించాడు. రాయి నిలిచింది. భుజాలు రెండూ పైకెత్తాడు, కిందికి దించాడు.

"గింతే గద," అన్నాడు. "ఎత్తాలె, పెట్టాలె. దీనికి మోచెయ్యి ఎందుకు?"

సన్నివేశం అలాగే తీశాం. కళ్లు లేని, పేర్లు లేని గుట్ట సైనికులు ఒక్కొక్కరే వస్తారు. బండ ఎత్తుతారు, పెడతారు, పక్కకు జరుగుతారు. మాటలు లేవు, రాయి మీద రాయి పడే చప్పుడు తప్ప. కొత్త కోట నాయకుడు దూరంగా నిలబడి ఉంటాడు. ఆయన పొట్టలో స్పీకరు ఉంది, అయినా ఒక్క మాటా మాట్లాడడు. అరలోవాళ్లకు, పై అరలోవాళ్లకు నేను రాసిన పొడుగాటి సంభాషణలన్నిటికంటే ఆ కాసేపే నాకు నచ్చుతుంది.

ఎపిసోడ్ బయటికి వెళ్లేముందు ఆఫీసులో చిన్న గదిలో వేసి చూశాం. యాదగిరి వెనక వరసలో కూర్చున్నాడు. అయిపోయాక అందరూ బయటికి వెళ్తుంటే అతను లేవలేదు. నేనూ ఆగాను.

"ఇగ మంచిగున్నది మేడం," అన్నాడు. "పోయినోనికి పోయినట్టే చేసిన్రు."

కాసేపటికి నవ్వాడు. "ఆ కోటాయన దూరం నిలవడ్డడు చూసిన్రా? మా నాయన పోయిన్నాడు చిన్నాయన కూడ గట్లనే వచ్చి దూరం నిలవడ్డడు. దగ్గరికి రాలే, ఇంటికీ పోలే."

"ఎవరైనా పిలిచారా ఆయన్ని?"

"పిలవలే. పిలవాల్సుండె గావచ్చు." తెర వైపు చూశాడు. అది ఖాళీగా ఉంది. "మేడం, ఒకటడుగుత, ఏమనుకోకుండ్రి. సార్ పేరేంది? ఇన్నేండ్ల సంది 'మా ఆయన' అనే అంటరు, నాకు తెల్వనే తెల్వదు."

మా వైపు పేరు పెట్టి చెప్పే అలవాటు లేదు. ఆస్పత్రి కాగితాల్లో రాశానే తప్ప నోటితో ఎప్పుడూ అనలేదు.

"విశ్వనాథం," అన్నాను.

"విశ్వనాథం సార్," అన్నాడు యాదగిరి, సరిగ్గా పలికాడో లేదో చూసుకుంటున్నట్టు. తర్వాత లేచి కుర్చీ వెనక్కి జరిపాడు. "పాండ్రి మేడం, బువ్వ తిందాం. సార్ ఎట్ల ఉండెటోడో చెప్పుండ్రి."